9653 నంబరు ఖైదీ

1920 నవంబరులో అమెరికా దేశాధ్యక్ష పదవికి ఎన్నికలు జరిగాయి. అందులో పోటీ చేసిన ఒక అభ్యర్థి ఒక్క ఊరికీ వెళ్ళలేదు, ఒక్క సభలోనూ మాట్లాడలేదు. వెళ్ళే వీలే లేదు. ఆయన అట్లాంటా నగరంలోని కేంద్ర కారాగారంలో 9653 నంబరు ఖైదీ. ఆయన బొమ్మ, ఖైదీ నంబరు ఉన్న బిళ్ళలు చొక్కాలకు పెట్టుకొని అభిమానులే ఊరూరా తిరిగారు. ఓట్లు లెక్కపెట్టి చూస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఆ ఖైదీకి ఓటు వేశారు. ఆయన పేరు యూజీన్ విక్టర్ డెబ్స్.

ఏం నేరం చేశాడని జైల్లో పెట్టారు? హత్య చేశాడా? లేదు. దోచుకున్నాడా? లేదు. బాంబు వేశాడా? అదీ లేదు. ఒక పార్కులో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. అంతే.

నేను బి.ఎస్సీ. విద్యార్థిని, చరిత్ర నా సబ్జెక్టు కాదు. మాది పత్తి, మిరప పండించే కుటుంబం. సగం సొంత చేను, సగం కౌలు. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అలాంటి నన్ను ఎక్కడో అమెరికాలో ఎప్పుడో పోయిన ఈ పెద్దాయన కథ, లైబ్రరీలో చదివిన నాటినుంచి వదలడం లేదు. మహాయుద్ధం గెలిచిన అంత పెద్ద దేశం అరవై దాటిన ఒక మనిషి మాటకు ఎందుకు భయపడింది? ఆ భయం ఎవరికి లాభించింది? మన యూనియన్ సావనీరులో, యూనియన్ అనే మాటకే జీవితం ధారపోసిన మనిషి గురించి నాలుగు మాటలు రాయడం సబబనిపించింది.

బొగ్గు పార

డెబ్స్ 1855 నవంబరు 5న ఇండియానా రాష్ట్రంలో టెర్రె హాట్ అనే పట్నంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఆల్సేస్ ప్రాంతం నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళు. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. పుస్తకాల మీద ప్రాణం పెట్టే మనిషి కనుక యూజీన్ స్యూ, విక్టర్ హ్యూగో అనే ఇద్దరు ఫ్రెంచి రచయితల పేర్లు కలిపి కొడుక్కి పెట్టుకున్నాడు. ఆ కొడుకు మాత్రం పద్నాలుగేళ్ళకే బడి మానేసి రైల్వే షెడ్డులో రంగు గీకే పనికి కుదిరాడు. కొన్నాళ్ళకు ఇంజను మీద ఫైర్‌మన్ అయ్యాడు.

ఫిజిక్సు క్లాసులో ఆవిరి యంత్రం బొమ్మ వేసి మనం మార్కులు తెచ్చుకుంటాం. బాయిలరు, పిస్టను, వాల్వు అన్నీ గుర్తిస్తాం. నిప్పుగూట్లోకి బొగ్గు ఎత్తిపోసే మనిషి ఆ బొమ్మలో ఉండడు. డెబ్స్ ఆ మనిషి. ఆ రోజుల్లో పట్టాలు బాగుండేవి కావు, బాయిలర్లు పేలేవి, పెట్టెలు తగిలించేటప్పుడు చేతులు పోయేవి. తోటివాడొకడు ఇంజను కింద పడి చనిపోయాక, తల్లి బతిమాలితే 1874లో డెబ్స్ ఆ పని మానేశాడు. పని మానినా పనివాళ్ళను మాత్రం వదల్లేదు. మరుసటి సంవత్సరమే ఫైర్‌మన్ల సంఘంలో చేరి, వాళ్ళ బీమా లెక్కలు, ఉత్తరాలు, తర్వాత వాళ్ళ పత్రిక, అన్నీ నెత్తికెత్తుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన పుట్టు విప్లవకారుడు కాడు. మొదట్లో సమ్మెలంటే ఆయనకే గిట్టేది కాదు. యజమానులతో నచ్చజెప్పుకొని పని సాధించుకోవాలనేవాడు. సొంత ఊళ్ళో మున్సిపల్ గుమాస్తా పదవికి గెలిచాడు, రాష్ట్ర శాసనసభకూ వెళ్ళాడు. ఆయన్ను మార్చింది పుస్తకాల కంటే ముందు అనుభవమే. డ్రైవర్లకు ఒక సంఘం, ఫైర్‌మన్లకు ఒక సంఘం, బ్రేక్‌మన్లకు మరొకటి. ఒకరు సమ్మె కడితే ఇంకొకరు బండి నడిపేవారు. ఇలా విడివిడిగా ఉంటే ఎప్పటికీ ఓడిపోవడమేనని తేల్చుకొని 1893లో రైల్వేలో పనిచేసే అందరినీ కలిపి అమెరికన్ రైల్వే యూనియన్ స్థాపించాడు. 1894 ఏప్రిల్‌లో గ్రేట్ నార్తర్న్ రైల్వే మీద పద్దెనిమిది రోజుల సమ్మె చేసి గెలిచారు కూడా. సభ్యుల సంఖ్య లక్ష దాటిపోయింది.

గీసుకున్న గీత

అంతలోనే పుల్‌మన్ గొడవ వచ్చింది. జార్జి పుల్‌మన్ రైళ్ళలో పడక పెట్టెలు తయారుచేసే కంపెనీ యజమాని. చికాగో పక్కన ఏకంగా ఒక ఊరే కట్టించాడు. ఇళ్ళు ఆయనవే, కొట్లు ఆయనవే. 1893లో వ్యాపారాలు దెబ్బతినగానే కూలి కోశాడు గాని ఇంటి అద్దె మాత్రం తగ్గించలేదు. 1894 మేలో పనివాళ్ళు సమ్మె కట్టారు. జూన్‌లో డెబ్స్ యూనియన్ వాళ్ళ పక్షాన నిలబడి, పుల్‌మన్ పెట్టెలు తగిలించిన ఏ బండినీ ముట్టుకోబోమని ప్రకటించింది. చికాగో నుంచి పశ్చిమానికి రైళ్ళు నిలిచిపోయాయి. ప్రభుత్వం కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చింది, సైన్యాన్ని దించింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, సమ్మె విరిగిపోయింది. కోర్టు ఉత్తర్వు ధిక్కరించాడని డెబ్స్‌కు ఆరు నెలల జైలు. ఆ జైల్లో చదివిన పుస్తకాలతో ఆలోచన మారడం మొదలై, తర్వాత సోషలిస్టు అయ్యాడు. 1900 నుంచి 1912 దాకా వరుసగా నాలుగుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 1912లో ఆరు శాతం ఓట్లు వచ్చాయి.

పుల్‌మన్ సమ్మె సైన్యం వల్ల ఓడిందని అందరూ రాస్తారు. నిజమే. కాని దానికి ముందే జరిగిన ఒక విషయం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. 1894 జూన్ మహాసభలో నల్లజాతి కార్మికులను యూనియన్‌లో చేర్చుకుందామా వద్దా అని ఓటు పెట్టారు. చేర్చుకోవాలని డెబ్స్ గట్టిగా వాదించాడు. స్వల్ప తేడాతో ఓడిపోయాడు. పుల్‌మన్ పెట్టెల్లో ప్రయాణికులకు పక్కలు పరిచి, బూట్లు తుడిచే పోర్టర్లు దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. అంటే పుల్‌మన్ మీద సమరం ప్రకటించిన యూనియన్, పుల్‌మన్ దగ్గర పనిచేసే వేలాదిమందిని గుమ్మం బయటే నిలబెట్టింది! సైన్యం రాకముందే సగం బలం మనవాళ్ళే తీసేసుకున్నట్టు కాదూ?

డెబ్స్ ఆ గీతను ఎప్పుడూ ఒప్పుకోలేదు. రంగును బట్టి జనాన్ని విడదీసి కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనన్నాడు. అయితే ఆయన ఆలోచనలోనూ ఒక లోటుంది. కూలి సమస్య తీరితే రంగు సమస్య దానంతటదే తీరుతుందని నమ్మాడు. అది అంత సులువు కాదని 1919 చూపించింది.

పార్కులో ఒక సాయంత్రం

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. జూన్‌లో గూఢచర్య చట్టం వచ్చింది. పేరు గూఢచారులదే గాని, సైన్యంలో చేరికకు అడ్డం పడ్డారన్న నెపంతో మాట్లాడినవాళ్ళను పట్టుకోవడానికి అదే ఆయుధమైంది. ఇరవై ఏళ్ళ దాకా శిక్ష వేయొచ్చు.

1918 జూన్ 16న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్నంలో డెబ్స్ ముందుగా జైలుకు వెళ్ళి, యుద్ధాన్ని వ్యతిరేకించి శిక్ష పడిన ముగ్గురు సహచరులను చూశాడు. అక్కణ్ణుంచి పార్కుకు వచ్చి సుమారు రెండు గంటలు మాట్లాడాడు. యుద్ధం నిర్ణయించేవాళ్ళు ఒకరు, అందులో చచ్చేవాళ్ళు మరొకరు అన్నది ఆయన మాటల సారాంశం. ప్రభుత్వం తరఫున ఒకడు ఆ గుంపులోనే ఉండి షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటున్నాడు. రెండు వారాల్లో అరెస్టు. సెప్టెంబరులో క్లీవ్‌లాండ్‌లో విచారణ. తరఫు సాక్షులను పిలవలేదు. తాను అన్న మాటలు అన్నవేనని ఒప్పుకొని, జూరీ ముందు తానే నిలబడి వాదించుకున్నాడు. పదేళ్ళ శిక్ష పడింది.

యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. యుద్ధమే లేనప్పుడు యుద్ధానికి అడ్డం పడ్డాడన్న శిక్ష ఎందుకు అని మనకు తోస్తుంది. కాని నాలుగు నెలల తర్వాత, 1919 మార్చి 10న, సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను ఖాయం చేసింది. తీర్పు రాసింది న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్. ఏప్రిల్ 13న డెబ్స్ వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్ జైల్లోకి అడుగుపెట్టాడు. జూన్‌లో అట్లాంటాకు మార్చారు.

1919 ఏప్రిల్ 13! ఆ తేదీ మనకూ తెలిసిందే గదా. అదే రోజు అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్. అంతకు నెల కిందటే ఇక్కడ రౌలట్ చట్టం వచ్చింది. రెండింటికీ సంబంధం లేదు, కాని యుద్ధం గెలిచిన ప్రభుత్వాలు ఆ ఏడు సొంత జనాన్ని చూసే ఎలా జంకాయో ఈ ఒక్క తేదీ చెబుతుంది.

భయం కోసిన పంట

అమెరికాలో భయానికి కారణమే లేదని నేను అనను. రష్యాలో 1917లో విప్లవం వచ్చింది. 1914 నుంచి 1920 లోపల ధరలు రెట్టింపయ్యాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు పనుల్లేవు. 1919 ఒక్క ఏడాదిలోనే దాదాపు నలభై లక్షల మంది కార్మికులు సమ్మెల్లో పాల్గొన్నారు. ఫిబ్రవరిలో సియాటిల్ నగరంలో అరవై వేలకు పైగా పనివాళ్ళు ఐదు రోజులు సార్వత్రిక సమ్మె చేశారు. ఏప్రిల్‌లో పెద్దమనుషుల పేర్లకు బాంబు పార్సెళ్ళు పోస్టులో వెళ్ళాయి. జూన్ 2 రాత్రి ఎనిమిది నగరాల్లో బాంబులు పేలాయి, అందులో ఒకటి అటార్నీ జనరల్ మిచెల్ పామర్ ఇంటి గుమ్మంలోనే. బాంబులు నిజం. వాటికి భయపడటం సహజం.

కాని బాంబు పెట్టినవాళ్ళు గుప్పెడుమంది. భయం వాళ్ళ దగ్గర ఆగలేదు. సియాటిల్‌లో సమ్మె కట్టినవాళ్ళు పసిపిల్లలకు పాలు అందేట్టు చూశారు, జనానికి అన్నం వండిపెట్టారు. అయినా దానికి విప్లవమని పేరు పెట్టారు. సెప్టెంబరులో మూడు లక్షల యాభై వేల మంది ఉక్కు కార్మికులు, రోజుకు పన్నెండు గంటల పని తగ్గించమని సమ్మె కడితే అదీ విప్లవమే అన్నారు. ఇక్కడ 1894 నాటి గీత మళ్ళీ కనిపిస్తుంది. చాలా సంఘాలు అప్పటికీ నల్లజాతివాళ్ళను చేర్చుకోలేదు. ఉక్కు కంపెనీలు సరిగ్గా ఆ సందులోంచే వచ్చాయి. వేలాది నల్లజాతి కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. 1920 జనవరిలో సమ్మె ఓడిపోయింది.

ఆ వేసవి అంతా జాతుల మధ్య రక్తం పారింది. జూలైలో చికాగోలో, మిచిగన్ సరస్సులో ఈదుతున్న పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రాడు తెల్లవాళ్ళ వైపు కొట్టుకొచ్చాడని రాళ్ళు విసిరితే మునిగి చనిపోయాడు. అతని పేరూ యూజీనే, యూజీన్ విలియమ్స్. ఆ తర్వాతి అల్లర్లలో 38 మంది పోయారు. వారిలో 23 మంది నల్లజాతివాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఆర్కన్సాస్ రాష్ట్రంలో ఎలెయిన్ అనే పల్లెటూరి ఉదంతం. అక్కడి నల్లజాతి రైతులు పాలుకు పత్తి సేద్యం చేసేవాళ్ళు. విత్తనం, తిండిగింజలు భూస్వామి కొట్టులో అప్పు. పత్తి అమ్మేదీ భూస్వామే. చిట్టా ఆయన చేతిలో. 1919లో పత్తి ధర బాగా పెరిగింది, అప్పు మాత్రం తీరడం లేదు. అందుకని రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. వివరంగా లెక్క చూపించమని అడగడానికి, లాయరును మాట్లాడుకోవడానికి సిద్ధపడ్డారు. సెప్టెంబరు 30 రాత్రి చర్చిలో వాళ్ళ సమావేశం దగ్గర కాల్పులు జరిగి ఒక తెల్లవాడు చనిపోయాడు. అంతే, చుట్టుపక్కల నుంచి ఆయుధాలతో గుంపులు దిగాయి, సైన్యమూ వచ్చింది. చనిపోయిన నల్లజాతివాళ్ళు నూరుమందికి పైనేనని, రెండు వందలు దాటవచ్చునని చరిత్రకారుల అంచనా. పత్రికల్లో మాత్రం నల్లవాళ్ళు తిరుగుబాటు చేశారని వచ్చింది.

పత్తి రైతు బిడ్డను కాబట్టి ఇది నాకు దూరదేశపు సంగతిలా అనిపించలేదు. పురుగుమందు అప్పు తెచ్చేదీ పత్తి అమ్మేదీ ఒకేచోట అయితే చీటీ ఎవరి చేతిలో ఉంటుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. రెండేళ్ళ కిందట మా ఊళ్ళో నలుగురు కౌలు రైతులు కలిసి వెళ్ళి, తూకం, వడ్డీ కాగితం మీద వేసి చూపించమన్నారు. అందులో మా నాన్న ఒకడు. సాయంత్రానికల్లా వీళ్ళ వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నారన్న మాట ఊరంతా పాకింది. వెనక ఎవరూ లేరు, ఉన్నది అప్పు ఒక్కటే. ఆ ఏడు వాళ్ళకు అప్పు పుట్టడమే కష్టమైంది. కాగితం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఎలెయిన్‌తో దీన్ని పోల్చడం లేదు, అక్కడ పోయినవి ప్రాణాలు. కాని లెక్క అడిగినవాడికి ముందు ఒక పేరు తగిలించే పద్ధతి అక్కడా ఇక్కడా ఒకటే.

వాషింగ్టన్‌లో పామర్ కొత్తగా ఒక విభాగం తెరిచాడు. దానికి అధికారి ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు, తర్వాత ప్రపంచమంతా తెలిసిన ఎడ్గార్ హూవర్. అనుమానితుల కార్డులు వేలకొద్దీ తయారయ్యాయి. 1919 డిసెంబరులో 249 మందిని ఒక పాత ఓడ ఎక్కించి రష్యా దారి పట్టించారు. 1920 జనవరి 2 రాత్రి ముప్పైకి పైగా నగరాల్లో దాడులు చేసి వేలాదిమందిని పట్టుకున్నారు. ఎక్కువమంది వలస వచ్చిన కూలీలు. వారంటు లేకుండానే చాలామందిని ఈడ్చుకెళ్ళారు.

దీన్ని ఆపింది ఒక ముసలి అధికారి. కార్మిక శాఖలో లూయీ పోస్ట్, డెబ్బై దాటిన మనిషి. దేశం నుంచి వెళ్ళగొట్టే ఉత్తర్వులు తన బల్ల మీదికి వస్తే ఒక్కొక్క ఫైలూ చదివాడు. సాక్ష్యం లేనివాటిని కొట్టేశాడు, వెయ్యికి పైగా. ఆయన్నే పదవి నుంచి తీసెయ్యాలని కాంగ్రెసులో గొడవ చేస్తే, వెళ్ళి తన ఫైళ్ళ గురించి జవాబు చెప్పి వచ్చాడు. 1920 మే 1న విప్లవం రాబోతోందని పామర్ హెచ్చరించాడు. పోలీసులు తుపాకులతో కాపు కాశారు. ఏమీ జరగలేదు. జనం నవ్వుకున్నారు. భయం అక్కణ్ణుంచి దిగడం మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరులో వాల్ స్ట్రీట్‌లో బాంబు పేలి ముప్పైమందికి పైగా చనిపోయినా, జనవరి నాటి దాడులు మళ్ళీ రాలేదు.

ఒంటరి ప్రయాణం

భయం దిగినా డెబ్స్ మాత్రం లోపలే ఉన్నాడు. గుండె జబ్బు, తలనొప్పి, చిక్కిపోయిన శరీరం. తోటి ఖైదీలకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, తన వంతు తినుబండారాలు పంచేవాడు. 1920లో ఓట్లు తొమ్మిది లక్షలు దాటాయన్నాను గదా, శాతం లెక్కన అది 1912లో సగమే. పార్టీ అప్పటికే ముక్కలైంది. విడుదల చెయ్యమని చివరికి పామర్ కూడా సిఫారసు చేశాడు, అధ్యక్షుడు విల్సన్ ఒప్పుకోలేదు.

1921 మార్చిలో ఒక చిత్రం జరిగింది. కొత్త అటార్నీ జనరల్ మాట్లాడాలని పిలిస్తే, డెబ్స్‌ను కాపలా లేకుండా ఒక్కణ్ణే అట్లాంటా నుంచి వాషింగ్టన్‌కు రైల్లో పంపారు. మాట్లాడి, మళ్ళీ రైలెక్కి, తనంతట తానే జైలుకు తిరిగొచ్చాడు! దేశానికి ప్రమాదమని పదేళ్ళు వేసిన మనిషి మాట మీద వాళ్ళకే ఎంత నమ్మకమో చూడండి.

ఆ డిసెంబరు 25న అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి విడిచిపెట్టాడు. క్షమాభిక్ష కాదు, అనుభవించింది చాలన్నాడంతే. డెబ్స్ గేటు దాటుతుంటే రెండు వేలకు పైగా ఖైదీలు కిటికీల దగ్గర చేరి జేజేలు కొట్టారు. విడుదలయ్యే ఖైదీకి ఇచ్చే ఐదు డాలర్లను ఆయన సాకో, వాంజెట్టి కేసు నిధికి పంపేశాడు. అదే భయం రోజుల్లో పట్టుబడిన ఇద్దరు ఇటాలియన్ కార్మికులు వాళ్ళు. 1927లో వాళ్ళకు మరణశిక్ష అమలైంది. అది చూడకుండానే, 1926 అక్టోబరు 20న, డెబ్స్ కన్నుమూశాడు.

ఇంకో రెండు సంగతులు చెప్పి ముగిస్తాను. ఎలెయిన్ కేసులో పన్నెండుమంది నల్లజాతి రైతులకు మరణశిక్ష వేశారు. గుంపు భయపెడుతుండగా జరిగిన విచారణ విచారణే కాదని 1923లో సుప్రీం కోర్టు పక్షాన తీర్పు రాసిన న్యాయమూర్తి ఎవరో తెలుసా? డెబ్స్ శిక్షను ఖాయం చేసిన హోమ్స్‌గారే. 1925 మొదటికి ఆ పన్నెండుమందీ బయటపడ్డారు. రెండోది, డెబ్స్ యూనియన్ గుమ్మం బయట నిలబెట్టిన పుల్‌మన్ పోర్టర్లు 1925లో సోషలిస్టు అయిన ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నారు. 1937లో పుల్‌మన్ కంపెనీ వాళ్ళతో ఒప్పందం మీద సంతకం చేసింది. 1894 నుంచి లెక్కవేస్తే నలభై మూడేళ్ళు.

మిత్రులారా, డెబ్స్ సిద్ధాంతం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. దాని మీద మన హాస్టల్ మెట్ల మీద ఎన్ని రాత్రులైనా వాదించుకుందాం. కాని రేపు ఉద్యోగాల్లో చేరాక మనలో కొందరి బల్ల మీదికి లూయీ పోస్ట్ బల్ల మీదికి వచ్చినట్టే ఫైళ్ళు వస్తాయి. ఎవరో నలుగురు లెక్క అడిగారని, వాళ్ళ వెనక ఎవరో ఉన్నారని అందులో రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ ఫైలు పూర్తిగా చదవండి. ముందు ఆ లెక్క తెప్పించి చూడండి.